కొత్తదా, పాతదా? నల్లగొండ, పాలమూరు జీతగాళ్లకు ఏ పన్ను విధానం నయం

పోయిన ఫిబ్రవరిలో మా స్టాఫ్‌రూంలో ఒక సార్ తన పే స్లిప్ నా ముందు పెట్టారు. "మేడం, ఇంటి కిస్తు ఇరవై మూడు వేల నాలుగు వందలు. చేతికొచ్చింది పందొమ్మిది వేలు. ఇగ ఈ నెల ఎట్ల ఎల్లదీయాలె?" అన్నారు. ఆయన దుబారా మనిషి కాదు. ఏడాదంతా నెలకు రెండు వేలే కోయించుకున్నారు, మిగతా పన్నంతా చివరి బిల్లులో ఒక్కసారే పడింది. మా దగ్గర సగం మంది చేసేది అదే. ఆ నెల కిస్తు వాళ్లావిడ గొలుసు కుదువ పెట్టి కట్టారు.

లెక్కల టీచర్ని కావడంతో సంక్రాంతి సెలవులు అయిపోగానే ఐటీ స్టేట్‌మెంట్లన్నీ నా బల్ల మీదికి వస్తాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "కొత్తదా, పాతదా?" అంటే ఆదాయపు పన్నుకు ఉన్న రెండు విధానాల్లో ఏది అని: రేట్లు తక్కువగా ఉండి మినహాయింపులు దాదాపు లేని కొత్తదా, మినహాయింపులు ఉండి రేట్లు ఎక్కువైన పాతదా. ఆ ప్రశ్న కింద ఒక భయం కూడా ఉంటుంది: "వచ్చే బడ్జెట్‌ల పెంచుతరంట గదా", "పాతది మొత్తానికే ఎత్తేస్తరంట గదా" అని. 2025-26 ఆర్థిక సంవత్సరం రేట్ల ప్రకారం, మన ఊళ్ల అద్దెలు, మన ఇళ్ల ఖర్చులు ముందు పెట్టుకుని ఈ లెక్క రాస్తున్నాను.

జీతగాళ్ల కోపం ఎందుకు న్యాయమైనది

పాత విధానంలో పన్ను లేని ఆదాయం 2.5 లక్షలు. 80సీ సెక్షన్ (పీఎఫ్, జీవిత బీమా, పిల్లల ట్యూషన్ ఫీజు లాంటివి) కింద మినహాయింపు 1.5 లక్షలు. సొంతింటి రుణ వడ్డీకి 2 లక్షలు. ఈ మూడూ 2014 బడ్జెట్‌లో పెట్టినవే, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆ ఏడాది మా పెద్దమ్మాయి స్కూలు ఫీజు 18,000. అదే తరగతికి మా చిన్నమ్మాయికి 52,000 కట్టాను. ఫీజు దాదాపు మూడింతలు అయినా దానికిచ్చే మినహాయింపు మాత్రం పైసా పెరగలేదు. రేటు పెంచకుండానే పన్ను పెరగడమంటే ఇదే. ఎవరూ పార్లమెంటులో ప్రకటించలేదు, పేపర్లో హెడ్డింగ్ రాలేదు, కానీ పదేళ్లలో మన జేబు నుంచి ఎక్కువే పోయింది.

ఇంకో బాధ ఉంది. పన్ను లెక్క మనిషికి వేస్తారు, ఇంటికి కాదు. భార్యాభర్తలిద్దరూ చెరో 12.5 లక్షలు సంపాదించే ఇంట్లో, అంటే మొత్తం 25 లక్షల మీద, కొత్త విధానంలో పన్ను సున్నా. ఒక్కరే 15 లక్షలు తెచ్చి ఆరుగురిని సాకే ఇంటికి 97,500. దేవరకొండ నుంచి వచ్చే మా అటెండర్ అన్న ఈ లెక్క విని, "గిదేం న్యాయం మేడం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చట్టం మనం మార్చలేం, ఉన్న రెండు దారుల్లో తక్కువ నష్టం ఏది అన్నది మాత్రం మన చేతిలో ఉంది.

ముందు ఏం చూడాలి

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ ఖర్చు మీకు ఇప్పటికే ఉందా, పన్ను కోసం కొత్తగా పెట్టబోతున్నారా? జీపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి), జీవిత బీమా, పిల్లల ట్యూషన్ ఫీజు ఎలాగూ పోతున్న డబ్బు. దానికి మినహాయింపు వస్తే లాభమే. పన్ను తగ్గుతుందని కొత్తగా లక్ష పెట్టి 20,000 మిగుల్చుకోవడం లాభం కాదు, ఆ లక్ష ఎన్నేళ్లకు తిరిగొస్తుందో చూడాలి.

రెండోది, నెలనెలా చేతిలో మిగిలే నగదు. మూడోది, వచ్చే ఏడు మనసు మారితే వెనక్కి రాగలమా అన్నది. నాలుగోది కాగితం: అడిగితే చూపించడానికి రసీదు ఉందా లేదా.

ఎంత మినహాయింపు ఉంటే పాతది గెలుస్తుంది

కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. ఆపైన ప్రతి 4 లక్షలకు రేటు 5, 10, 15, 20, 25 శాతం అవుతూ, 24 లక్షలు దాటితే 30 శాతం. పన్ను వేసే ఆదాయం 12 లక్షల లోపైతే 60,000 వరకు రిబేటు వచ్చి పన్ను సున్నా అవుతుంది. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిసి ఆ గీత 12.75 లక్షలు.

పాతదాంట్లో 2.5 నుంచి 5 లక్షలకు 5 శాతం, 10 లక్షల దాకా 20, ఆపైన 30. పన్ను వేసే ఆదాయం 5 లక్షలు దాటకపోతే ఇక్కడా రిబేటుతో పన్ను సున్నా. స్టాండర్డ్ డిడక్షన్ 50,000. రెంటికీ పైన 4 శాతం సెస్సు.

| ఏడాది మొత్తం జీతం | కొత్త విధానంలో పన్ను (సెస్సుతో) | పాతది దీనికి సమానం కావాలంటే 50,000 స్టాండర్డ్ డిడక్షన్ కాక ఇంకా కావలసిన మినహాయింపులు |
|---|---|---|
| 7,50,000 | 0 | 2,00,000 |
| 10,00,000 | 0 | 4,50,000 |
| 12,75,000 | 0 | 7,25,000 |
| 15,00,000 | 97,500 | 5,43,750 |
| 20,00,000 | 1,92,400 | 7,08,333 |
| 25,00,000 | 3,19,800 | 8,00,000 |

మూడో నిలువు వరుసే అసలు పరీక్ష. మీ మినహాయింపులన్నీ కూడి ఆ అంకె దాటితేనే పాతది. మొదటి మూడు వరుసల్లో ఉన్నవాళ్లు పెద్దగా ఆలోచించాల్సిన పనే లేదు. పాతదాంట్లో ఎంత పొదుపు చేసినా సున్నా కన్నా తక్కువ రాదు కదా. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఎస్‌జీటీలు (ప్రాథమిక బడి టీచర్లు), నర్సులు, పంచాయతీ కార్యదర్శులు కళ్లు మూసుకుని కొత్తది రాసివ్వచ్చు.

పాత విధానం: మన ఊళ్లలో ఎక్కడ తేలిపోతుంది, ఎక్కడ నిలబడుతుంది

యూట్యూబ్‌లో చెప్పే సలహాలు ఎక్కువగా బెంగళూరు, ముంబై వాళ్ల కోసం చేసినవి. అక్కడ నెలకు 35,000 అద్దె కట్టేవాళ్లకు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపే లక్షల్లో ఉంటుంది. మనకు అలా కాదు. మీరు కట్టిన అద్దెలోంచి మీ జీతంలో (బేసిక్, డీఏ) పదో వంతు తీసేస్తే మిగిలింది ఎంతో, మినహాయింపు అంతకు మించదు. బేసిక్, డీఏ కలిపి నెలకు లక్ష ఉన్న ఉపాధ్యాయుడు నల్లగొండలో రెండు గదుల ఇంటికి నెలకు 10,000 అద్దె కడితే, ఏడాదికి 1.2 లక్షలు. జీతంలో పదో వంతు కూడా 1.2 లక్షలే. మినహాయింపు సున్నా! అద్దె 14,000 అయితే 48,000 వస్తుంది, అంతే. మహబూబ్‌నగర్‌లో, జడ్చర్లలో, మిర్యాలగూడలో ఉండేవాళ్లకూ ఇదే లెక్క. హెచ్‌ఆర్‌ఏ మీద ఆశ పెట్టుకుని పాతది ఎంచుకునే ముందు ఈ తీసివేత ఒక్కసారి చేసి చూడండి.

ఇక సొంతిల్లు. పైన చెప్పిన సార్ జీతం ఇప్పుడు 15 లక్షలు. పాత విధానంలో ఆయనకు దొరికేవన్నీ కూడదాం. స్టాండర్డ్ డిడక్షన్ 50,000, వృత్తి పన్ను 2,400, 80సీ పూర్తిగా 1,50,000, ఇంటి రుణ వడ్డీ పూర్తిగా 2,00,000, తనకూ తల్లిదండ్రులకూ కలిపి వైద్య బీమా 75,000. మొత్తం 4,77,400. పన్ను వేసే ఆదాయం 10,22,600. పన్ను 1,24,051. కొత్తదాంట్లో 97,500. అన్నీ నిండుగా ఉన్నా పాతదాంట్లో 26,551 ఎక్కువ పోతుంది. సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్) ఉద్యోగి అయ్యుండి మరో 50,000 చూపించుకున్నా 13,801 ఎక్కువే. "ఇల్లు కట్టినం కాబట్టి పాతదే మంచిది" అన్న మాట ఇంకా మన ఆఫీసుల్లో తిరుగుతోంది. 2025 రేట్లు వచ్చాక అది చాలామందికి నిజం కాదు.

మరి పాతది ఎవరికి? పిల్లల చదువుకు బ్యాంకు రుణం తీసుకున్నవాళ్లకు. ఈ పదేళ్లలో నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి ఎమ్మెస్ అంటూ అమెరికా పోయిన పిల్లలు ఎంతమందో మీకు తెలుసు. ఆ ఇళ్లలో తండ్రో తల్లో రుణంలో సంతకం పెట్టి వడ్డీ కడుతుంటారు. చదువు రుణ వడ్డీకి 80ఈ కింద మినహాయింపుకు గరిష్ఠ పరిమితి లేదు, వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి 8 ఏళ్ల వరకు ఇస్తారు. 15 లక్షల జీతం, ఏడాదికి 3.5 లక్షల చదువు రుణ వడ్డీ, 80సీ నిండుగా, వైద్య బీమా 75,000 ఉన్న ఇంటికి పాతదాంట్లో పన్ను 90,501. కొత్తదాని కన్నా 6,999 తక్కువ. దానికి ఇంటి రుణ వడ్డీ 2 లక్షలు కూడా తోడైతే పన్ను 48,901కి దిగుతుంది. అంటే సగం. ఇలాంటి ఇంట్లో పాతది వదులుకోవడం నిజంగా నష్టం.

ఇక్కడ రెండు మెలికలు. ఆ ఏడాదిలో నిజంగా కట్టిన వడ్డీకే మినహాయింపు, పిల్లవాడి చదువు అయ్యేదాకా కట్టకుండా పేరుకునే వడ్డీకి ఆ ఏడు ఏమీ రాదు. రుణం బ్యాంకుదో గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థదో అయి ఉండాలి. మేనమామ దగ్గర నూటికి రెండు చొప్పున తెచ్చిన అప్పు లెక్కలోకి రాదు.

ఇంట్లో అరవై దాటిన అమ్మానాన్నలు ఉండి వాళ్లకు బీమా లేకపోతే, వాళ్ల మందులకు, ఆసుపత్రికి మీరు పెట్టిన ఖర్చు 50,000 వరకు చూపించుకోవచ్చు. నగదు ఇస్తే చెల్లదు. ఫోన్‌పేలోనో కార్డుతోనో కట్టి బిల్లు దాచుకోండి. చాలామందికి ఈ సంగతి తెలియదు.

గీత దగ్గర ఉన్నవాళ్లు

నాకు ఎక్కువ దిగులు కలిగించేది 12.75 లక్షల గీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్లు. డీఏ బకాయో ఇంక్రిమెంటో వచ్చి జీతం 20,000 పెరిగి 12.95 లక్షలు అయిందనుకోండి. మామూలు లెక్కలో పన్ను 63,000. గీత దాటిన మొత్తానికి మించి పన్ను వేయకూడదన్న రక్షణ ఉంది కాబట్టి 20,000 వేసి, దాని మీద సెస్సు 800 కలుపుతారు. వచ్చింది 20,000, పోయింది 20,800. గీత దాటిన మొత్తం సుమారు 70,000 అయ్యేదాకా పెరిగిందంతా పన్నుకే. ఏళ్ల తరబడి ఎదురుచూసిన బకాయి ఇలా పోతే కడుపు మండదా?

చేయగలిగిందొకటి ఉంది. ఆ బకాయి పాత సంవత్సరాలకు చెందినదైతే ఏ ఏడుది ఆ ఏడుకు పంచి లెక్కగట్టి ఊరట అడగొచ్చు, రెండు విధానాల్లోనూ. దానికి రిటర్నుకు ముందే ఆన్‌లైన్‌లో 10ఈ ఫారం వేయాలి. అది మరిచిపోయి ఊరటను పోగొట్టుకున్నవాళ్లను ఏటా చూస్తాను. సీపీఎస్ వాళ్లకు ప్రభుత్వం జమ చేసే వాటా కొత్త విధానంలోనూ మినహాయింపే. స్టేట్‌మెంట్‌లో దాన్ని ఆదాయంలో కలిపి, తీసేయడం మరిచిపోతే లేని గీత దాటినట్టు కనిపిస్తుంది.

పొలం ఉన్న జీతగాళ్లు

బత్తాయి తోట ఉన్న సార్లు, వరి కౌలుకిచ్చిన మేడమ్‌లు మాలో బోలెడు. "వ్యవసాయానికి పన్ను లేదు గదా" అని దాన్ని చూపించరు. పన్ను లేదు, నిజమే. కానీ అది 5,000 దాటితే జీతం మీద రేటు తేల్చేటప్పుడు కలిపి చూస్తారు. పన్ను వేసే జీతం 11 లక్షలు, తోట ఆదాయం 5 లక్షలు ఉన్న మనిషికి కొత్త విధానంలో లెక్క 90,000 వస్తుంది. రిబేటు 60,000 వరకే కాబట్టి 30,000, సెస్సుతో 31,200 కట్టాలి. 12 లక్షల లోపే కదా సున్నా అనుకుని కూర్చుంటే తర్వాత నోటీసు వస్తుంది. రిటర్ను కూడా ఐటీఆర్-1 కాదు, ఐటీఆర్-2 వేయాలి.

పెన్షనర్లకు చాలావరకు కొత్తదే. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పెన్షన్‌కూ వర్తిస్తుంది. షేర్లు అమ్మిన లాభం ఉంటే మాత్రం దానికి ఆ రిబేటు రాదు, విడిగా చూసుకోవాలి.

నల్లగొండ ప్రకాశం బజార్‌లో దుకాణం నడుపుకునేవాళ్లకు జీతగాళ్లలా ఏటా మార్చుకునే వీలు లేదు. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు పాతదానికి వెళ్లి ఒకసారి కొత్తదానికి తిరిగొస్తే, ఆ వ్యాపారం ఉన్నన్నాళ్లూ మళ్లీ పాతదానికి పోలేరు. వాళ్లు ఆడిటర్‌ను అడిగాకే ముందుకు పోవాలి.

పన్ను కోసమే కొనే పాలసీలు, పొదుపు

ఇది నా సొంత అనుభవం. కొన్నేళ్ల కింద ఒక ఫిబ్రవరిలో తెలిసిన ఏజెంటు స్టాఫ్‌రూంకే వచ్చి, "అక్కా, ఇది కడితే పన్ను మొత్తం పోతది" అని ఇరవై ఏళ్ల పాలసీ రాయించాడు. ఏడాదికి 60,000. ఆ ఏడు నాకు మిగిలిన పన్ను 12,480. మూడో ఏడు మా నాన్నకు గుండె ఆపరేషన్ పడితే ప్రీమియం కట్టలేక సరెండర్ చేశాను. కట్టిన 1.2 లక్షల్లో తిరిగొచ్చింది సగం కూడా లేదు. పన్నెండు వేలు మిగుల్చుకోబోయి అరవై వేలకు పైగా పోగొట్టుకున్నాను. అందుకే మూడో ప్రమాణంగా వెనక్కి రాగలమా అన్నది పెట్టాను. పన్ను విధానం ఏడాదికోసారి మార్చుకోవచ్చు, పాలసీ మార్చుకోలేం.

కొత్త విధానానికి మారితే పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్), సుకన్య (ఆడపిల్లల పొదుపు ఖాతా) దండగ అనుకోవద్దు. కట్టేటప్పుడు మినహాయింపు రాదు గానీ, వచ్చే వడ్డీకి రెంటిలోనూ పన్ను లేదు. 2025-26లో పీపీఎఫ్‌కు 7.1 శాతం, సుకన్యకు 8.2 శాతం. బ్యాంకు డిపాజిట్ వడ్డీ మాత్రం మీ స్లాబులో కలుస్తుంది. 15 లక్షల జీతం ఉన్న ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా పన్ను కోసం కాకుండా ఇంటి కోసం తీసుకోండి. వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు కూడా.

డిపాజిట్ భార్య పేరున వేస్తే వడ్డీ మళ్లీ భర్త ఆదాయంలోనే కలుపుతారు. ఆదాయం లేని అమ్మ పేరునో నాన్న పేరునో వేస్తే కలపరు. అయితే ఆ డబ్బు నిజంగా వాళ్లదవుతుంది, రేపు అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ వాటా వస్తుంది. ఆ మాట ఇంట్లో ముందే అనుకోగలిగితేనే ఈ దారి.

ఇంకో దారి ఉందని కొందరు చెబుతారు: కమీషన్ తీసుకుని లేని రుణం, లేని విరాళం చూపించి రీఫండ్ ఇప్పిస్తామని. దయచేసి ఆ వైపు పోకండి. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి తప్పుడు మినహాయింపుల మీద దేశమంతా సోదాలు చేసింది. తప్పు చూపించారని తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా, పైన వడ్డీ. ఏజెంటు ఫోన్ ఎత్తడు, నోటీసు మన పేరున వస్తుంది.

రేపు పెంచితే?

స్లాబులు ఏ ఫిబ్రవరిలోనైనా మారొచ్చు. 1961 చట్టం స్థానంలో తెచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, దాంట్లో 80సీ లాంటి నంబర్లు కూడా వేరు. పెంచుతారేమోనన్న భయంతో ఇప్పుడే ఇరవై ఏళ్ల కిస్తు నెత్తిన పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. జీతం ఒక్కటే ఉన్నవాళ్లు ఏ ఏడుకు ఆ ఏడు విధానం మార్చుకోవచ్చు. ఆఫీసులో ఒకటి రాసిచ్చి రిటర్నులో ఇంకోటి ఎంచుకోవచ్చు కూడా. పాతది కావాలనుకుంటే మాత్రం రిటర్ను గడువులోపు, మామూలుగా జూలై 31 లోపు, వేయాలి. ఆలస్యమైతే కొత్తదే వర్తిస్తుంది.

కాబట్టి ఈ వారం ఒక తెల్లకాగితం తీసుకోండి. ఇప్పటికే ఖర్చవుతున్నవి మాత్రమే రాసి కూడండి. పట్టికలో మీ జీతం ఎదురుగా ఉన్న అంకెతో పోల్చండి. ఏ విధానమైనా, పన్నును పన్నెండుతో భాగించి మార్చి జీతం నుంచే కోయమని డీడీవోకు (జీతాల బిల్లు చేసే అధికారికి) రాసివ్వండి.

గొలుసు కుదువ పెట్టిన సార్ ఈసారి అదే చేశారు. కొత్త విధానం, 97,500, నెలకు 8,125. డిసెంబర్‌లో గొలుసు విడిపించుకున్నారు. మొన్న స్టేట్‌మెంట్ నింపుతుంటే ఫిబ్రవరి బిల్లులో కోత గడిలో కూడా అదే 8,125 రాశాను. ఆయన ఫోన్‌లో దాన్ని ఫొటో తీసి ఇంటికి పంపారు.